పొగపొయ్యి కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి!

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉద్యోగం చేసే కొడుకో, అల్లుడో వీడియో కాల్‌లో పెరడంతా తిప్పి చూపిస్తూ "అమ్మా, ఇది చూడు" అన్నప్పుడు మీరూ చూసే ఉంటారు. నల్లటి ఇనుప పీపా ఒకటి అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని ఒక పక్కన, కాస్త కిందికి, చిన్న పెట్టె అతికించి ఉంటుంది. రెండో పక్కన పొగగొట్టం. పెట్టెలో కట్టెలు మండుతుంటే పీపాలో మాంసం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిదానంగా మగ్గుతూ ఉంటుంది. దీన్నే వాళ్లు ఆఫ్‌సెట్ స్మోకర్ అంటారు. నిప్పు మాంసం కింద కాకుండా ఓ పక్కకు తప్పుకుని ఉంటుంది కనుక ఆ పేరు.

చూసి ముచ్చటపడి ఊరుకుంటే ఇబ్బందే లేదు. "ఈసారి సంక్రాంతికి వచ్చినప్పుడు మన మల్దకల్ ఇంటి పెరట్లో కూడా ఒకటి పెడదాం. గద్వాలలో వెల్డింగ్ షాపులో చెప్పి చేయించండి నాన్నా" అన్న మాట వచ్చినప్పుడే ఇల్లాలికి ఆలోచన మొదలవుతుంది. ఎందుకంటే సరదా పడేది వాళ్లు, నాలుగు రోజులుండి విమానమెక్కేదీ వాళ్లే. ఆ తర్వాత ఆ బరువు పెరట్లో ఉండేది మనతోనే కదా!

పైగా మన ఇళ్లు పొగ నుంచి బయటపడింది ఎప్పుడో కాదు. 1999లో దీపం పథకం కింద, 2016 నుంచి ఉజ్జ్వల కింద గ్యాసు కనెక్షన్లు వచ్చాకే చాలా వంటిళ్ల గోడలు తెల్లబడ్డాయి. అంతకుముందు పత్తికట్టె, కందికంప, పిడకలు... గొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబడ్డ అత్తమ్మలు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఇళ్లలో వంటపొగ వల్ల 2020 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. "ఇన్నేండ్లు ఊకె మింగిన పొగను ఇప్పుడు పైసలిచ్చి కొనుక్కోవాల్నా బిడ్డా?" అని అత్తమ్మ అడిగితే మన దగ్గర జవాబుండాలి.

జవాబుంది. మంచి స్మోకర్‌కు పొగ కంటికి సరిగా కనబడదు. చెడ్డ స్మోకర్ నుంచే బుసబుసమని తెల్లటి పొగ వస్తుంది. కొనేముందు మనం పసిగట్టాల్సింది ఈ తేడానే. రంగు, మెరుపు, చక్రాలు, పక్కనుండే అరలు, ఇవన్నీ తర్వాత.

పొగలో పొగలు వేరు

కట్టె బాగా ఎండి, గాలి బాగా ఆడి, మంట మండుతూ ఉంటే గొట్టం నుంచి పల్చటి నీలిరంగు పొగ సన్నగా వస్తుంది. ఒక్కోసారి వేడిగాలి అల్లల్లాడటం తప్ప ఏమీ కనిపించదు. మాంసానికి మంచి వాసన పట్టించేది ఈ పొగే. కట్టె పచ్చిదైనా, గాలి చాలకపోయినా మంట ఆరి, కట్టె ఉడికినట్టు రగులుతుంది. అప్పుడు వచ్చే తెల్లటి చిక్కటి పొగ మాంసం మీద నల్లటి జిగురులా పేరుకుంటుంది. నోట్లో పెట్టుకుంటే చేదు, నాలుక మొద్దుబారినట్టు ఉంటుంది. "పొగ బాగా పట్టింది" అని కొందరు గొప్పగా చెప్పుకునేది ఈ చేదునే, పాపం!

గాలి ఆడటమే దీని కీలకం. కింది పెట్టెలో నిప్పు వేడెక్కుతుంది. వేడిగాలి తేలిక కనుక పైకి పోవాలని చూస్తుంది. పీపాకు అటువైపు చివర గొట్టం ఉంది కనుక దాన్ని వెతుక్కుంటూ పీపా పొడుగునా పాకి, మాంసాన్ని తాకి, గొట్టంలోంచి బయటికి వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ పెట్టె తలుపు సందులోంచి కొత్తగాలిని లోపలికి లాగుతుంది. ఆ లాగుడు బాగుంటే మీరు ఊదక్కర్లేదు, విసరక్కర్లేదు.

ఇది అమెరికా వాళ్ల బ్రహ్మవిద్యేమీ కాదు సుమా! హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌కు చెందిన ఎస్.పి. రాజు 1953లోనే 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే చిన్న పుస్తకం వేసి, ఇదే సూత్రంతో మట్టిపొయ్యి ఎలా కట్టుకోవాలో చూపించారు. నిప్పు ఒక చివర, పొగగొట్టం ఇంకో చివర. మధ్యలో మట్టితో కట్టిన సొరంగం, దాని మీద వరసగా కుండలు. ఒకే మంట కుండల అడుగుల్ని వరసగా తాకి, పొగ మాత్రం ఇంటి బయటికి పోవాలి. ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ కాపాడాలని ఆయన చేసిన ప్రయత్నమది. టెక్సాస్ పెరటి పొయ్యికీ మన హైదరాబాద్ మట్టిపొయ్యికీ సూత్రం ఒక్కటే. కాబట్టి వెల్డింగ్ షాపాయన "మీకెందుకమ్మా, నేను చూసుకుంటా కదా" అంటే తగ్గకండి. పొయ్యి సంగతి మనకు తెలిసినంత ఆయనకు తెలియదు.

నిప్పు దగ్గర ఎవరుంటారు?

బేరం మొదలుపెట్టక ముందే ఇంట్లో తేలాల్సిన మాట ఇది. ఆఫ్‌సెట్‌లో అరగంటకో ముప్పావుగంటకో ఒక కట్టె వేస్తూ ఉండాలి. రెండు కిలోల పొట్టేలు ముందుకాలుకు ఆరు గంటలు, పెద్ద తొడ అయితే ఇంకా ఎక్కువ. అంతసేపూ ఎవరో ఒకరు దగ్గరుండాలి. టెక్సాస్‌లో ఈ పని మగవాళ్లు కుర్చీ వేసుకుని కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ చేసుకుంటారు. మన దగ్గర కుర్చీ మీద కబుర్లు వాళ్లవీ, కట్టె వేయడం మనదీ అయ్యే ప్రమాదం ఉంది. "నిప్పు చూసుకునేది నేనే" అని ఎవరు ఒప్పుకుంటారో వాళ్లకోసమే కొనండి. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ డబ్బుతో మంచి మిక్సీ వస్తుంది.

నలుగురే ఉన్న ఇల్లయి, రెండు నెలలకోసారి కోడి కాల్చుకుంటే చాలనుకుంటే అసలు ఆఫ్‌సెట్ అక్కర్లేదు. మూత ఉన్న గుండ్రటి బొగ్గుల పొయ్యి చాలు. అమెరికాలో వెబర్ కెటిల్ అనే పేరుతో 1952లో వచ్చిన రకం అది. బొగ్గుల్ని ఒకవైపు నెట్టి, మాంసం రెండోవైపు పెట్టి, పైన రెండు చెక్కముక్కలు వేసి మూత పెడితే గంటన్నరలో కోడి తయారు. పండక్కి పాతికమంది కూడే ఇల్లు, అన్నదమ్ముల ఉమ్మడి పెరడు, పెద్ద ముక్కలు వండే సరదా, ఇవి ఉన్నచోటే ఆఫ్‌సెట్‌కు అర్థం.

రేకు మందమే ప్రాణం

టెక్సాస్‌లో మొదట్లో ఈ పొయ్యిలను చమురు బావుల పనిలో మిగిలిన లావుపాటి పైపు ముక్కలతో వెల్డర్లు చేసుకునేవారు. పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్ల మందం ఉండే ఇనుము అది. ఒకసారి వేడెక్కితే వేడిని పట్టి ఉంచుతుంది. మన జొన్నరొట్టె పెనం సంగతి గుర్తు తెచ్చుకోండి. దళసరి పెనం మీద రొట్టె సమంగా కాలుతుంది. పల్చటి పెనం మీద ఒకచోట మాడుతుంది, ఒకచోట పచ్చిగా ఉంటుంది. ఇదీ అంతే.

తర్వాత తర్వాత చవగ్గా అమ్మడానికి పల్చటి రేకుతో చేసినవి వచ్చాయి. ఆన్‌లైన్‌లో తళతళలాడుతూ కనిపించేవాటిలో చాలావరకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల రేకువే. గాలి కొడితే చల్లబడతాయి, కట్టె వేస్తే ఒక్కసారిగా ఎగుస్తాయి. కట్టెలు ఎక్కువ తింటాయి. రెండేళ్లకు నిప్పుపెట్టె అడుగు తుప్పుపట్టి, వంకరపోతుంది. ప్రకటనలో మందం రాయకపోతే బరువు చూడండి. బరువు అబద్ధం చెప్పదు.

లెక్క చాలా తేలిక. 6 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు 47 కిలోలు తూగుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడుగు ఉన్న పీపాకు, రెండు మూతలతో కలిపి, దాదాపు 65 కిలోల రేకు పడుతుంది. 35 సెంటీమీటర్ల చదరపు నిప్పుపెట్టెకు ఇంకో 35 కిలోలు. స్టాండు, జాలీలు కాకుండానే వంద కిలోలన్నమాట. అదే 3 మిల్లీమీటర్ల రేకుతో చేస్తే సగం. ఇనుము కిలో ఎంతో ఆ రోజు ధర కనుక్కుంటే, మేకు కొట్టినట్టు మీకు అంచనా వచ్చేస్తుంది. బేరంలో ఎవరూ మోసం చేయలేరు.

అంత ఖర్చు వద్దనుకుంటే నా సలహా ఒకటే. డబ్బంతా నిప్పుపెట్టె మీద పెట్టండి. దానికి 6 మిల్లీమీటర్లు, పీపాకు 4 మిల్లీమీటర్లు చాలు. మంట తగిలేది పెట్టెకే కనుక ముందు పాడయ్యేదీ అదే.

కొలతల్లో ఇంకో సంగతి. నిప్పుపెట్టె లోపలి చోటు పీపాలో మూడో వంతుకు తగ్గకూడదు. మరీ చిన్నదైతే మంట ఊపిరాడక రగులుతుంది, తెల్లపొగ వస్తుంది. పెట్టె పీపాకన్నా కిందికి ఉండాలి. పొగగొట్టం నాలుగు అంగుళాల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే లాగుడు బాగుంటుంది. అందం కోసం గొట్టాన్ని పొట్టిగా చేస్తామంటే ఒప్పుకోకండి.

పాత డ్రమ్ములతో జాగ్రత్త!

ఖర్చు తగ్గుతుందని పాత డ్రమ్ము కోసి చేయిస్తామంటారు. నడిగడ్డలో, అంటే మన కృష్ణా తుంగభద్రల మధ్య నేలలో, పత్తివిత్తనం సాగు ఎక్కువ కనుక పురుగుమందుల డ్రమ్ములు, డబ్బాలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అవి ఎంత కడిగినా, ఎంత కాల్చినా తిండి వండే పనికి పనికిరావు. కెమికల్ వాసన పోయిందంటే విషం పోయిందని కాదు. ఆహారపు నూనె వచ్చిన డ్రమ్మే తీసుకోవాలి. అదీ లోపలి రంగూ పూతా పోయేదాకా ఖాళీగా మండించి, రుద్ది, కడిగాకే. ఇంతా చేసి ఆ రేకు మందం ఒక మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది. అంటే మనం మొదట వద్దనుకున్న పల్చటి పెనమే.

జింకు పూత ఉన్న రేకు, అంటే జి.ఐ. షీటు, నీళ్ల బకెట్లకు వాడేది, నిప్పు దగ్గరికి రానివ్వకండి. బాగా వేడెక్కితే వచ్చే ఆ పొగ పీల్చినవాళ్లకు జ్వరం, వణుకు వస్తాయి. లోపలివైపు పెయింటు కూడా వద్దు. వేడికి తట్టుకునే పెయింటు బయటివైపు మాత్రమే.

ఇక గ్యాసు సిలిండరు కోసి చేద్దామనేవాళ్లుంటారు. ఖాళీ సిలిండరులో మిగిలిన గ్యాసు కోతమిషను నిప్పురవ్వకు పేలుతుంది. పైగా అది మన సొత్తు కాదు, డిపాజిట్ కట్టి తెచ్చుకున్న కంపెనీ సొత్తు. ఈ ఆలోచన మొదట్లోనే తుంచేయండి.

తెచ్చుకునే ముందు పరీక్ష

చీకటి పడ్డాక షాపుకు వెళ్లండి. పీపా లోపల టార్చిలైటు వెలిగించి పెట్టి, తలుపులు మూయమనండి. ఎక్కడ వెలుతురు గీత కనిపిస్తే అక్కడ వేడి కారుతుంది. సన్నటి గీత పరవాలేదు, వేడికి తట్టుకునే పట్టీ అంటిస్తే సరిపోతుంది. వేలు దూరే సందయితే మళ్లీ చేయమనండి.

రెండో పరీక్షకు నాలుగు అగరొత్తులు చాలు. పెట్టెలో చిన్న మంట వేయించి, గొట్టం వేడెక్కాక అగరొత్తుల్ని పెట్టె తలుపు దగ్గర పట్టుకోండి. పొగ సర్రున లోపలికి పోవాలి. బయటికి తన్నుకొస్తే ఆ పొయ్యిలో లాగుడు లేదు. ఎంత తక్కువకిచ్చినా వద్దు.

తలుపు పైన బిగించే గుండ్రటి థర్మామీటరును నమ్ముకోవద్దు. అది పైన వేడి చెబుతుంది, మాంసం ఉండేది కింద జాలీ మీద. జాలీ ఎత్తులో ఒకటి, మాంసంలో గుచ్చేది ఒకటి, రెండు థర్మామీటర్లు విడిగా కొనుక్కోండి. నిప్పు దగ్గరి చివరకూ గొట్టం దగ్గరి చివరకూ వేడిలో తేడా ఎలాగూ ఉంటుంది. అది ఎంతో తెలియాలంటే జాలీ అంతటా బ్రెడ్ ముక్కలు పేర్చి, బాగా వేడి పెంచి కాసేపు ఉంచండి. ఏ ముక్క ముందు ఎర్రబడిందో చూస్తే మీ పొయ్యి గుణం మీకు బోధపడుతుంది. కోడి ఎక్కువ వేడి ఉన్నచోట, పెద్ద ముక్క తక్కువ వేడి ఉన్నచోట. కొన్నిటిలో జాలీ కింద రేకు అమర్చి, పొగను గొట్టం దాకా తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తిప్పుతారు. వేడి సమంగా వస్తుంది, కాని బరువూ ఖర్చూ పెరుగుతాయి. ఇంటి వాడకానికి తప్పనిసరేమీ కాదు.

పీపా అడుగున కొవ్వు కారిపోవడానికి చిన్న గొట్టం, దానికింద డబ్బా ఉండాలి. లేకపోతే పేరుకున్న కొవ్వు ఎప్పుడో ఒకరోజు అంటుకుంటుంది. తలుపు పిడి ఇనుపదైతే చెక్క తొడుగు వేయించండి. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

తెచ్చాక మొదటిరోజే మాంసం పెట్టకూడదు. కొత్త పెనానికి నూనె రాసి పదును పట్టించినట్టే, లోపలంతా పల్లీనూనె పల్చగా రాసి, రెండు మూడు గంటలు ఖాళీగా మంట పెట్టాలి. వెల్డింగ్ మురికి పోతుంది, ఇనుముకు నల్లటి పొర కట్టి తుప్పు ఆగుతుంది. వండిన ప్రతిసారీ, చల్లారాక, బూడిద తీసేయండి. బూడిద తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. ఎలాగూ మన పెరట్లో ఆ బూడిదకు పనుంటుంది.

మన కంపచెట్టే వాళ్ల మెస్కీట్!

అమెరికా దుకాణాల్లో సంచుల్లో కట్టి అమ్మే 'మెస్కీట్' కట్టె గురించి పిల్లలు గొప్పగా చెబుతారు. టెక్సాస్ వంటకు దానికంత పేరు. అది మరేదో కాదు, మన బీళ్లలో, చెరువుకట్టల మీద, రోడ్ల పక్కన ముళ్లతో పెరిగే సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. మన సర్కారు తుమ్మ కూడా అమెరికా ఖండాల మొక్కే. ఆంగ్లేయుల కాలంలో, 1877 ప్రాంతంలో, కడప జిల్లా కమలాపురం వైపు వంటచెరకు కోసమని నాటించారు. అక్కణ్నుంచి అది ఎవరూ నాటక్కర్లేకుండానే పాకింది. ఇప్పుడు దాన్ని కొట్టలేక రైతులు మొత్తుకుంటున్నారు. కట్టె కోసం పైసా ఖర్చు లేదన్నమాట!

అయితే ఈ కట్టె చాలా వేడిగా మండుతుంది, పొగ ఘాటు. గంటలకొద్దీ అదే వేస్తే మాంసం చేదెక్కుతుంది. అది కాలి బొగ్గయ్యాక ఘాటు తగ్గుతుంది. కాబట్టి ముందు సర్కారు తుమ్మ బొగ్గు పరుపులా వేసుకుని, దాని మీద మామిడి, జామ, చింత కట్టెలు ఒక్కొక్కటిగా వేసుకోండి. నల్లతుమ్మ కూడా మంచిదే. ఒక అడుగు పొడుగు, మణికట్టంత లావు ముక్కలుగా కొట్టించి, కనీసం ఆరు నెలలు నీడలో ఎండనివ్వాలి. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొడితే టక్కుమని మోగాలి. దబ్‌మంటే ఇంకా పచ్చి. ఈ సైజు పొయ్యికి గంటకు సుమారు రెండు కిలోల కట్టె అవుతుంది.

వాడకూడనివి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. గన్నేరు కొమ్మ పొరపాటున కూడా నిప్పులో పడకూడదు, అది విషం. జిల్లేడూ అంతే. నీలగిరి కట్టెలో నూనె ఎక్కువ. వేపపొగ నాకు చేదుగానే అనిపిస్తుంది. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు వద్దు. ఇక మన ఊళ్లలో ఉచితంగా దొరికే పత్తికట్టె! విత్తనపత్తి చేలకు ఎన్నిసార్లు మందు కొడతారో మీకు చెప్పాలా? ఆ కట్టె పొగను నేరుగా తినే మాంసానికి పట్టించడం మంచిది కాదు.

ఎక్కడ పెట్టాలి, ఎంత తినాలి

ఇంట్లో, వరండాలో, రేకుల షెడ్డు కింద పెట్టకూడదు. పొగ కనిపించకపోయినా బొగ్గువిషవాయువు ఉంటుంది, దానికి వాసన ఉండదు. గడ్డివాముకు, ఆరబోసిన పత్తికి, పందిరికి దూరంగా, మట్టినేల మీదో బండల మీదో పెట్టండి. పక్కన బకెట్టు ఇసుక. ఆషాఢం గాలుల్లో ఆ పని పెట్టుకోకపోవడమే మేలు, రవ్వలు ఎక్కడ పడతాయో చెప్పలేం. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, అటువైపు ఇంట్లో చంటిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉన్నారేమో ఆలోచించండి. గద్వాల చుట్టుపక్కల నేతపని వాళ్లుంటారు. వాళ్ల నూలు, చీరలు ఆరేసిన రోజున పొగ పెట్టి మాట పడొద్దు.

మరో మాట దాచకుండా చెప్పాలి. పొగ పట్టించి, ఉప్పుబెట్టి నిల్వచేసే మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. పండక్కి, చుట్టాలొచ్చినప్పుడు చేసుకునే వంటగానే దీన్ని ఉంచుకోండి. వారం వారం వద్దు. ఆఫ్‌సెట్‌లో కొవ్వు నేరుగా నిప్పుల మీద పడి మండదు కనుక, నిప్పుల మీద కాల్చిన కబాబు కన్నా ఆ మసి తక్కువే అంటుతుంది. అయినా మితం మితమే.

ఇంకొకటి. మన తునకల అలవాటుతో దీన్ని కలపకండి. తునకలు ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఎండకు పూర్తిగా ఎండబెట్టేవి. అందుకే నెలలపాటు ఉంటాయి. పొగపొయ్యిలో వండిన మాంసంలో తడి ఉంటుంది. అది మామూలు కూర లాంటిదే, బయట పెడితే పాడవుతుంది.

తిమ్మప్ప ఊళ్లో శనివారం నీసు ముట్టని ఇళ్లకు ఈ పొయ్యి పనికిరాదనుకోకండి. వేరే జాలీ ఒకటి ఉంచుకుని వంకాయలు, టమాటాలు, వెల్లుల్లి గడ్డలు, పచ్చిమిర్చి గంటసేపు పెట్టి పచ్చడి నూరి చూడండి. చెయ్యి కడుక్కున్నాక కూడా వాసన పోదు.

పొగ పొట్టేలు

కావలసినవి: ఎముకతో ఉన్న పొట్టేలు ముందుకాలు 2 కిలోలు, ఉప్పు ఒకటిన్నర పెద్ద చెంచాలు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు 2 పెద్ద చెంచాలు, ధనియాల పొడి 1 పెద్ద చెంచా, వెల్లుల్లి ముద్ద 1 పెద్ద చెంచా, కారం 1 చిన్న చెంచా, పల్లీనూనె 2 పెద్ద చెంచాలు. కారం ఎక్కువ వేస్తే గంటల తరబడి వేడికి నల్లబడి చేదవుతుంది. ఘాటు కావాలంటే తర్వాత పచ్చడితో సర్దుకోవచ్చు.

ముందురోజు రాత్రి మాంసానికి ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో ఉంచాలి. పొద్దున్నే మిగతావన్నీ నూనెతో కలిపి రుద్దాలి. పచ్చి మాంసాన్ని మన ఎండల్లో గంటకు మించి బయట ఉంచకూడదు. కనుక ముందు పొయ్యి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబడేలా చూసుకుని, తెల్లపొగ పూర్తిగా పోయాకే మాంసం పెట్టాలి. కొవ్వువైపు పైకి ఉండాలి. పక్కన గిన్నెలో నీళ్లు పెడితే ఎండిపోదు. మూడు గంటలు తలుపు తీయకండి. తీసి చూసిన ప్రతిసారీ పావుగంట వెనక్కి పోతారు.

మాంసంలో గుచ్చిన థర్మామీటరు 65, 70 డిగ్రీల దగ్గరికి వచ్చి, ఎంతసేపటికీ కదలకుండా నిలబడిపోతుంది. కంగారుపడి కట్టెలు ఎక్కువ వేయొద్దు. కొత్తకుండలో నీళ్లు చెమర్చి చల్లబడతాయి చూడండి, మాంసమూ అలాగే చెమర్చి తనను తాను చల్లబరుచుకుంటోందన్నమాట. అప్పుడు అరిటాకులో చుట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టి మళ్లీ పెట్టేయండి. ఇంకో రెండున్నర, మూడు గంటల్లో 93 డిగ్రీలకు వస్తుంది. గట్టి నరాలన్నీ పాయా జిగురులా కరిగిపోతాయి. ఎముక పట్టుకుని తిప్పితే ఊడి చేతికి రావాలి.

తీసిన వెంటనే కోయకుండా, పొట్లం విప్పకుండా హాట్‌బాక్సులో ముప్పావుగంట ఉంచండి. తర్వాత చేత్తోనే పీచుపీచుగా విడదీసి, పొట్లంలో మిగిలిన రసం మీద పోయండి. జొన్నరొట్టె, పచ్చి ఉల్లిపాయ, పుంటికూర పచ్చడి పక్కన ఉంటే చాలు. ఎనిమిది, పదిమందికి వస్తుంది. మిగిలితే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు చింతపులుసులో వేసి బాగా మరిగించండి. రెండు రోజులు దాటితే ఉంచకండి.